లోపలికి జరిపిన పేర్లు

మీ ముందు ఒక జాబితా పెట్టి, ఇందులో ఎవరు ముఖ్యులో, ఎవరు కారో చెప్పమంటే, ఒక్క పేరైనా చదవకుండా మీరు జవాబు చెప్పగలరా?

చెప్పగలరు. రోజూ చెబుతూనే ఉన్నారు. ఎడమ అంచుకు ఆనుకొని, పెద్ద అక్షరంలో, ముందు ఒక అంకె పెట్టుకొని నిలబడిన పేరు ముఖ్యమైనది. దాని కింద కాస్త లోపలికి జరిగి, చిన్న అక్షరంలో, అంకె లేకుండా ఉన్న పేరు పై పేరుకు చెందినది. ఈ సంగతి మనకు బడిలో ఎవరూ నేర్పలేదు. కన్ను తనంతట తాను నేర్చుకుంది. ఆ కంటికి ఏది ఎలా కనిపించాలో నిర్ణయించడమే నా వృత్తి. నంద్యాలలో ఒక అచ్చు యంత్రశాలలో మొదట సీసపు అక్షరాలతోనూ, చివరి ఏళ్ళలో కంప్యూటరుతోనూ ఆ పనే చేసి విరమణ పొందాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న యువతీయువకుల కోసం ఇది రాస్తున్నాను. మీకిప్పుడు ఒక మీట నొక్కితే జాబితా రూపం మారిపోతుంది. అంకెలు అక్షరాలవుతాయి, అక్షరాలు చుక్కలవుతాయి, వరుస లోపలికి జరుగుతుంది. మాకు అదే పనికి రోజులు పట్టేవి. తప్పు చేయడానికి మాత్రం మీకూ మాకూ ఒకే నిమిషం చాలు.

వాదనల సారు

డెబ్బైల నడుమ నేను డిగ్రీ పూర్తి చేసేనాటికి నాకు తెలిసిన విద్య ఒక్కటే, వాదించడం. కళాశాల వక్తృత్వ పోటీల్లో చీటీ తీసి ఏ పక్షం వస్తే ఆ పక్షాన నిలబడేవాణ్ణి. ప్రతిదాన్నీ ప్రశ్నించాలన్నది నా సూత్రం. దాన్ని నిజాయితీగానే నమ్మాను. ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో చూడటం నాకు అలవాటైపోయింది. నా మాటలోనూ సందు ఉంటుందని చూసుకోవడం మాత్రం అలవాటు కాలేదు.

మా నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడి ఉపాధ్యాయుడు. యంత్రశాల యజమాని సుబ్బరాయుడు గారికి ఆయనంటే గౌరవం. ఆ గౌరవం మీదే నాకు ఉద్యోగం దొరికింది. పనిలో నాకు గురువు మస్తానన్న. ఆయన చదువు నాలుగో తరగతితో ఆగింది. తల తిప్పకుండా మాట్లాడుతూనే, ఏ గడిలో ఏ అక్షరం ఉందో వేలితో తీసి వరుసలో పేర్చేవాడు. నన్ను మొదటి వారంలోనే "వాదనల సారు" అని పిలవడం మొదలుపెట్టాడు.

"ఏందప్పా వాదనల సారూ, ఆ అక్షరంతోనన్నా కొట్లాడకుండా పెట్టు" అనేవాడు, నేను ఒక్కో ముక్కనూ వెలుగుకు పట్టి చూస్తుంటే.

నాకు కోపం వచ్చేది. ఆయన చెప్పే ప్రతి పద్ధతికీ కారణం అడిగేవాణ్ణి. "అట్లనే చేస్తాం" అన్నది ఆయన జవాబు. అది జవాబు కాదని నేను. ఆ రెండు ముక్కల వెనక ఎన్ని తప్పులు, ఎన్ని తిట్లు, ఎన్ని తిరిగి వేసిన కాగితాలు ఉన్నాయో అప్పుడు నాకు తెలియదు.

అవుకు పెద్దమనిషి కోపం

జాబితా అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది ఒక పెండ్లి పత్రిక. అవుకు నుంచి ఒక రైతు తెచ్చాడు. ఆహ్వానించే పెద్దల పేర్లు పద్దెనిమిది. ఒకే నిలువు వరుసలో పేర్చితే పత్రిక కిందికి జారిపోతుందని, నేను రెండు నిలువు వరుసలుగా విడగొట్టాను. చూడముచ్చటగా వచ్చింది. మూడో రోజు ఆయన పత్రికల కట్ట పట్టుకొని వచ్చాడు.

"మా పెద్దబ్బను యాడ ఏసినావప్పా?"

"ఇదిగో. ఎడమ వరుసలో మొట్టమొదటి పేరు."

"ఎడమ వరుసలో మొదటోడా! ఆయప్ప మా ఇంటికే పెద్ద. ఆయనకు సరిసమానంగా కుడి పక్క ఉండేది ఎవురో చూసినావా? మొన్న పుట్టిన మా సడ్డకుడు!"

"మీరు రాసిచ్చిన వరుసలోనే ఉన్నాయి కదండీ. పైనుంచి కిందికి చదవాలి."

"పెండ్లికి పిల్చేటప్పుడు ప్రతి ఇంటికాడా నిలబడి ఎట్ల చదవాల్నో నువ్వొచ్చి చెప్తావా?"

మస్తానన్న నవ్వు ఆపుకోలేక ముఖం గడుల వైపు తిప్పుకున్నాడు. సుబ్బరాయుడు గారు మాత్రం నవ్వలేదు. క్షమించమని రైతుకు చేతులు జోడించి, పత్రికలన్నీ తిరిగి వేయించారు. అందరి పేర్లూ ఒకే వరుసలోకి వచ్చాయి. పత్రిక పొడుగైంది. అవుకు పెద్దబ్బ శాంతించాడు.

ఈ ఉదంతాన్ని తర్వాత చాలామందికి హాస్యంగా చెప్పాను. కాని అందులో ఒక చేదు ఉంది. పేరు ఎక్కడ నిలబడితే మనిషి అక్కడ నిలబడినట్టేనని నాకు ఆనాడే స్పష్టంగా తెలిసింది. తెలిసి కూడా, తిరిగొచ్చి కోప్పడే స్థోమత లేనివాళ్ళ జాబితా చేతికి వచ్చినప్పుడు దాన్ని గుర్తు చేసుకోలేదు.

బ్రాకెట్లు చాలలేదు

డెబ్బైల చివర శిరివెళ్ల దగ్గరి ఒక పల్లెలో ఇండ్లు లేనివారికి స్థలాలు పంచాలని నిర్ణయమైంది. అర్హుల జాబితా అచ్చు వేసి ఊళ్ళో గోడలకు అంటించాలి. అభ్యంతరాలుంటే వారంలో చెప్పుకోవాలి. ఆ పని మాకు వచ్చింది. పల్లె పేరు రాయను, ఆఫీసు పేరూ రాయను. తప్పు అక్కడ జరగలేదు.

చేతిరాత ప్రతిలో ఒక పద్ధతి ఉంది. ఇప్పుడున్న గుడిసెకు ఒక అంకె వేశారు. ఆ గుడిసెలో తలదాచుకుంటున్న ఒక్కో కుటుంబానికీ బ్రాకెట్లలో ఒక్కో అక్షరం పెట్టారు. పద్నాలుగో అంకె కింద (అ) అని ఏసోబు పేరు, (ఆ) అని అతని అక్క మరియమ్మ పేరు ఉన్నాయి. మరియమ్మ భర్త చనిపోయి, ఇద్దరు ఆడపిల్లలతో తమ్ముడి పంచకు చేరింది. రాసిన గుమాస్తా ఉద్దేశం సూటిగా ఉంది. అక్షరం ఉన్న ప్రతి పేరుకూ ఒక స్థలం. అంకె గుడిసెకు గుర్తు మాత్రమే.

నేను ఆ ఉద్దేశాన్ని అడగలేదు. చూడగానే నాకు అర్థమైందనుకున్నాను. అంకె అంటే ఇంటి యజమాని, అక్షరాలంటే అతని ఇంట్లోవాళ్ళు అనుకున్నాను.

సగం పేర్లు పేర్చేసరికి బ్రాకెట్లు అయిపోయాయి. పెండ్లి పత్రికలూ కరపత్రాలూ వేసే యంత్రశాలలో ఎన్ని బ్రాకెట్లుంటాయి? ఒక్కో పేరుకు రెండు కావాలి.

"సగం ఏసి, అక్షరాలు విడదీసి మళ్ళా గడుల్లో ఏసుకొని, మిగతా సగం ఏద్దాం" అన్నాడు మస్తానన్న. "రెండు దినాలు ఎక్కువ పడుతాది, అంతే."

"అంత అవసరమా అన్నా? అసలు ఆ అక్షరాలే వద్దు. యజమాని పేరు పెద్ద అక్షరంలో వేద్దాం. మిగతా పేర్లు చిన్న అక్షరంలో, కాస్త లోపలికి జరిపి వేద్దాం. చూడగానే తెలుస్తుంది."

"ఏం తెలుస్తాది?"

"ఎవరి కింద ఎవరున్నారో."

"కిందున్నారని ఎవురు చెప్పినారు నీకు? బ్రాకెట్టు లేకుంటే పొయ్యె, అ చుక్క, ఆ చుక్క అని పెట్టు."

"ఎక్కాల పుస్తకంలా ఉంటుంది."

"ఉండనీలేప్పా. శిరివెళ్లకు గంటకొక బస్సు పోతాండాది. బేగా పోయి ఆ గుమాస్తాను ఒక మాట అడిగి రా."

నేను నవ్వాను. మంచి జాబితా ఎవరినీ అడగకుండా తనను తాను చెప్పుకోవాలని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. గుర్తు చేసే పనిని ఖాళీ జాగాయే చేయగలిగినప్పుడు ఇక గుర్తు ఎందుకన్నాను. ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. మస్తానన్న కొంతసేపు చూసి, "చిన్న అక్షరంలో ఏస్తే మనిషి చిన్నగైపోతాడప్పా" అన్నాడు. దానికి తర్కం లేదని కొట్టేశాను.

బ్రాకెట్ల కొరత నిజమే. కాని అది కారణం కాదు. చుక్కలతో పని జరిగేది. నా కంటికి అందంగా కనిపించాలన్నదే కారణం. ఇన్నేళ్ళుగా కొరత పేరే చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడ మొదటిసారి నిజం రాస్తున్నాను.

చెవికి వినపడనిది

ప్రూఫు దిద్దడానికి మాకొక పద్ధతి ఉండేది. ఒకరు చేతిరాత ప్రతిని పైకి చదువుతారు, రెండోవారు అచ్చు ప్రతిలో పేరు పేరునా టిక్కు పెడతారు. గుమాస్తా తానే వచ్చి అలా దిద్దాడు. నేను చదివాను, ఆయన టిక్కు పెట్టాడు. పేర్లలో ఒక్క తప్పు లేదు. ఆయన తలెత్తకుండా వేలితో పేరు పేరునా జరుపుతూ పోయాడు, కాగితాన్ని మొత్తంగా ఎత్తి చూడలేదు. మేము దిద్దింది చెవితో. చెవికి పేరు ముందున్న ఖాళీ వినపడదు, అక్షరం చిన్నదో పెద్దదో వినపడదు.

గోడలకు అంటించారు. వారం గడిచింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మరియమ్మ తన పెద్ద కూతురి చేత చదివించుకుంది. "నీ పేరుందమ్మా" అంది కూతురు. ఉన్నమాట నిజమే.

స్థలాలు కొలిచి ఇచ్చిన రోజున వచ్చిన అధికారి వేరు, పద్ధతి తెలిసిన గుమాస్తా అప్పటికే వేరే ఊరికి బదిలీ అయ్యాడు. చేతిలో ఉన్నది నా అచ్చు కాగితం. అంకె ఉన్న పేరును పిలిచారు, స్థలం చూపారు. లోపలికి జరిపిన పేర్లను పిలవలేదు. మరియమ్మ సాయంత్రం దాకా నిలబడింది.

నేను గెలిచిన చివరి వాదన

నాలుగు రోజులకు ఆ అధికారి మా యంత్రశాలకు వచ్చాడు. ఆయన వెనక, గడప బయట, ఒక సన్నటి మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. మరియమ్మను నేను చూడటం అదే మొదలు.

"ఈమె తనది వేరే కుటుంబమని అంటోంది. మీరేమైనా మార్చారా?" అని అధికారి అడిగాడు.

ఒక్క క్షణం చాలు నిజం చెప్పడానికి. ఆ క్షణంలో నాకు అర్థమైంది కూడా. చేతిరాత ప్రతి నా తల వెనకే, మిగతా ప్రతులతో కలిసి కొక్కేనికి గుచ్చి ఉంది. చేయి చాపితే అందుతుంది. కాని ఆయన అడిగిన ప్రశ్నలో నాకు సందు కనిపించింది.

"ఏం మారిందంటున్నారు సార్? ఏ పేరైనా తప్పిపోయిందా?"

"లేదు."

"పేర్ల వరుస మారిందా?"

"లేదు."

"మీ గుమాస్తా గారే వచ్చి ప్రతి పేరుకూ టిక్కు పెట్టారు. గోడకు అంటించిన వారంలో ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

"చెప్పలేదు."

"మరి మారింది ఏమిటి సార్?"

అధికారి తల ఊపాడు. గడప అవతల నుంచి మరియమ్మ, "నా పేరుండాది సార్, కానీ..." అని మొదలుపెట్టింది. ఆ "కానీ" తర్వాత ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. తెలిసినవాణ్ణి నేను. "పేరు ఉందని ఆమే అంటున్నారు కదా" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. "నువ్వు లాయరువి కావాల్సినోడివిరా" అని సుబ్బరాయుడు గారు మెచ్చుకున్నారు. మస్తానన్న కొక్కెం నుంచి ఆ చేతిరాత ప్రతి తీసి, నా ముందు బల్ల మీద పెట్టి, తన గడుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పటికీ సమయం ఉంది. పిలవనివారి లెక్కన మిగిలిపోయిన స్థలాలకు రెండో జాబితా ఇంకా తయారు కాలేదు. ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు వెళ్తే ఒక పూట పని. వెళ్ళలేదు. పది రోజులకు రెండో జాబితా మాకే వచ్చింది. దాన్ని నా చేత్తోనే పేర్చాను. ప్రతి పేరుకూ ఒక అంకె, అందరికీ ఒకే అక్షరం, ఒకే అంచు. ఏ దోషమూ లేకుండా వేశాను. మరియమ్మకూ, ఆమెలాంటి మరికొందరికీ చెందవలసిన స్థలాలు ఎవరికి వెళ్ళాయో ఆ పేర్లన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. ఆ పని ముగిసిన రోజున మొదటి చేతిరాత ప్రతిని చించి పొయ్యిలో వేశాను.

ఆళ్లగడ్డలో

ఎనభైలలో మా నాయన కాలం చేశారు. చర్చి సంఘం వాళ్ళు ఆళ్లగడ్డ ఇంటికి వచ్చి పరామర్శించి పోతున్నారు. ఒక ఉదయం మరియమ్మ వచ్చింది. మా నాయన ఏసోబుకు పాఠాలు చెప్పారట. నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు అచ్చాఫీసు అబ్బయ్యవు గదూ? టీచరయ్య కొడుకువా నువ్వు?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అది నన్ను కుంగదీసింది.

ఆమెను పక్కకు పిలిచి అంతా చెప్పాను. బ్రాకెట్లు, అక్షరాలు, కొక్కెం, పొయ్యి, అన్నీ. 

"అయితే మా ఏసోబు ఏయించలేదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వా పొద్దు సారు ముందర అట్ల గట్టిగా మాట్లాడితివి. అచ్చాఫీసులో తప్పు లేదనుకుంటి. మరి నన్ను కింద ఏసిందెవురు? వాడే గుమాస్తాకు చెప్పి, మాయక్క నా కిందిదే అని రాయించినాడు అనుకుంటి. ఊరి నడుమ నిలబడి వాని నోట్లో మన్ను పడాలని తిట్టినా. వాని గడప తొక్కక ఎన్నేండ్లాయనో. వాని బిడ్డ పెండ్లికి గూడా పోలా."

నేను ఆమె స్థలం పోగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాను. స్థలం పోయాక ఆమె ఆ పల్లెలోనే వేరొకరి పశువుల కొట్టానికి ఆనుకొని పంచ వేసుకుంది. తమ్ముడి ఇల్లు నాలుగు అంగల దూరం. ఆ నాలుగు అంగలు నా వాదన వల్ల ఏర్పడ్డాయి.

"క్షమించమ్మా" అన్నాను.

"నాకు చెప్పేదేందప్పా. వచ్చి వాని ముందర చెప్పు."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం శిరివెళ్ల బస్సెక్కాం. అక్కడి నుంచి పల్లెకు నడిచాం. ఏసోబు పశువులకు మేత వేస్తున్నాడు. అక్కను చూసి చేతిలో గడ్డి అలాగే పట్టుకొని నిలబడిపోయాడు. నేను చెప్పాను. జీవితంలో ఎన్నడూ అంత తడబడుతూ మాట్లాడలేదు. అతను అంతా విని అడిగాడు.

"ఆ చేతిరాత కాగితం ఉందా సార్?"

"లేదు. కాల్చేశాను."

"ఆ పొద్దు ఏం మారలేదంటిరి. ఈ పొద్దు మారిందంటాండారు. చదువుకున్నోళ్ళు మీరు. మేం ఏది నమ్మేది?"

 ఏ పోటీలోనూ అంత న్యాయమైన ప్రశ్నను నేను ఎదుర్కోలేదు.

మరియమ్మ గడప అవతలే ఆగింది. ఏసోబు ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి అతని భార్య ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టింది. మరియమ్మ తీసుకుని తాగింది. నేను అక్కడ ఉండటం వాళ్ళ ముగ్గురికీ అడ్డమని అర్థమై వెనక్కి వచ్చేశాను. తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నారో లేదో తెలుసుకునే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.

ఈ పనిలోకి వచ్చేవారికి

తప్పు చేసినందుకు నేను పడే సిగ్గు చిన్నది. బ్రాకెట్లు చాలకపోవడం, అందం మీద మోజు, వయసు, వీటన్నిటికీ ఎక్కడో ఒక మన్నింపు దొరుకుతుందేమో. నా సిగ్గంతా ఆనాడు యంత్రశాలలో అధికారిని అడిగిన నాలుగు ప్రశ్నలది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ వచ్చిన జవాబు సత్యమే. ఆ సత్యాలన్నీ పేర్చి ఒక అబద్ధం చేశాను. ప్రశ్నించడం గొప్ప గుణమని నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని నా ప్రశ్నలన్నీ ఎదుటివారి మీదికే వెళ్ళాయి. "కిందున్నారని ఎవురు చెప్పినారు నీకు?" అని మస్తానన్న అడిగిన ఒక్క ప్రశ్నను నాకు నేను ఎన్నడూ వేసుకోలేదు.

మీ కంప్యూటరులో అక్షరాల కొరత లేదు, రెండు రోజుల ఆలస్యమూ లేదు. కనుక మీకు సాకు కూడా లేదు. మీరు ఏ అమరికా ఎంచుకోకపోయినా, యంత్రం తనకు తోచిన అమరిక పెడుతుంది. అదీ మీ నిర్ణయం కిందికే వస్తుంది.

మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. ఈ వారం మీ చేతికి మనుషుల పేర్లున్న జాబితా ఏది వచ్చినా, అచ్చుకు పంపేముందు ఒక ప్రతి తీసుకొని, అందులో అందరికన్నా లోపలికి జరిగి ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళండి. ఫోను చేయకండి, వెళ్ళండి. పేరు సరిగా ఉందా అని అడగకండి. "ఈ కాగితం మిమ్మల్ని ఎవరని చెబుతోంది?" అని అడగండి. చదువు రానివారైతే వేలితో చూపించి అడగండి. వారు "కానీ..." అని ఆగితే, మీరు నోరు తెరవకండి. ఆ మాట పూర్తయ్యేదాకా నిలబడండి.